అనంతపురంలో రౌటర్లు చూసే షాపు: నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే

ముందే చెప్పేస్తా, ఇది ఇంట్లో వైఫై పెట్టె పాడైతే తీసుకెళ్లే షాపు కాదు. దానికోసమైతే ఇక్కడితో ఆపేయండి, సుభాష్ రోడ్డులో బోలెడు ఉన్నాయి. చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసేవాళ్లు, కాలేజీలోనో ఆసుపత్రిలోనో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లు, ముఖ్యంగా ఎంపీఎల్ఎస్ (డేటాను అడ్రసు చూసి కాకుండా దాని మీద అంటించిన లేబుల్ చూసి పంపే పద్ధతి) అనే మాట వింటేనే టెన్షన్ పడే నాలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

షాపు సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక సందులో ఉంది. జెరాక్స్ షాపు పక్కన ఇరుకు మెట్లు, పైన ఒకే గది. బోర్డు మీద పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. 'రౌటర్లు, స్విచ్‌లు చూడబడును' అని మాత్రం రాసుంది. రిపేరు చేయబడును అని కూడా కాదు, చూడబడును! మెట్ల దగ్గర నిలబడి నవ్వుకున్నాను. నడిపేది యాభై దాటిన ఒక పెద్దాయన, సాయానికి ఆయన మేనల్లుడు. లోపల ఒక గోడంతా పాత రౌటర్లే, వాటిలో మూడు ఎప్పుడూ ఆన్‌లో ఉండి గుయ్యిమంటూ ఉంటాయి. కూర్చోవడానికి ఒకే కుర్చీ, దాంట్లో ఆయనే కూర్చుంటాడు.

మా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన చేసిందేమిటో అర్థం కాదు. మాది అనంతపురంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ. ఇక్కడి నుంచి పామిడి మీదుగా గుత్తికి, గుత్తి నుంచి గుంతకల్లుకి ఫైబర్ ఉంది. తాడిపత్రి వైపు నుంచి గుత్తికి ఇంకో దారి ఉంది కానీ అది సన్నది, అవసరానికి మాత్రమే. ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్ మామూలుగా పోతుంది. ఆఫీసులకు, అంటే రెండు ఊళ్లలో బ్రాంచీలు ఉండి వాటిని కలపమని అడిగేవాళ్లకు, లేబుల్ స్విచింగ్ మీద, అంటే ఆ ఎంపీఎల్ఎస్ మీదే, వీపీఎన్ ఇస్తాం, వాళ్ల డేటాకి మాత్రమే విడిగా ఒక దారి అన్నమాట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పార్శిల్ మీద ఒకదాని మీద ఒకటి రెండు చీటీలు అంటించారనుకోండి, ఆ చీటీలే లేబుళ్లు. పైచీటీ ఏ ఊరి రౌటర్‌కి పోవాలో చెబుతుంది, కిందిచీటీ అక్కడ దిగాక ఏ కస్టమర్‌కి ఇవ్వాలో చెబుతుంది. మధ్యలో ఉన్న రౌటర్లు పైచీటీ ఒక్కటే చూస్తాయి, దాన్ని పీకి తమది అంటించి ముందుకు తోస్తాయి. లోపలి ఐపీ అడ్రసు జోలికే పోవు. అందుకే ఇద్దరు కస్టమర్లు ఒకే 192.168.1 అడ్రసులు వాడుకుంటున్నా ఒకరి డేటా ఇంకొకరికి పోదు. ఒక్కో చీటీ 32 బిట్లు, అంటే 4 బైట్లు. అందులో 20 బిట్లు లేబుల్ నంబరుకి, 3 ప్రాధాన్యానికి, 1 ఇదే ఆఖరి చీటీ అని చెప్పడానికి, 8 టీటీఎల్‌కి, అంటే ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్కకి. ఈ 4 బైట్ల లెక్క గుర్తుపెట్టుకోండి, సగం కొంప ముంచింది అదే.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన, పిడుగులు. పామిడిలో మా స్విచ్ పోయింది, గుంతకల్లులో రౌటర్ పోయింది, ఒకే రోజు. రెండూ మార్చేశాం. ఇళ్లకు నెట్ వచ్చేసింది, అందరం హాయిగా పడుకున్నాం. మర్నాడు పదింటికి గుంతకల్లు నుంచి ఫోన్. బంగారం మీద అప్పులిచ్చే ఒక ఆఫీసు వాళ్లు, వాళ్ల బ్రాంచికి అనంతపురం సర్వర్ అందడం లేదు. బయట నగలు పట్టుకుని జనం, లోపల కంప్యూటర్ ముందు మేనేజరు. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

చూస్తే నాకు ఏ తప్పూ కనపడలేదు. అనంతపురం రౌటర్ నుంచి గుంతకల్లు రౌటర్ లూప్‌బ్యాక్‌కి (రౌటర్‌కి తనదంటూ ఉండే స్థిరమైన అడ్రసు) పింగ్, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న ప్యాకెట్, శుభ్రంగా పోతోంది. రౌటర్లు ఒకదానికొకటి చీటీల నంబర్లు చెప్పుకునే ఎల్‌డీపీలో నైబర్, అంటే పక్క రౌటర్, ఉంది. కస్టమర్ రూట్లు చేరవేసే బీజీపీ నిలబడే ఉంది, ఆ రూట్లు రెండు వైపులా కనపడుతున్నాయి. అయినా వీపీఎన్‌లో ఒక్క ప్యాకెట్ చేరితే ఒట్టు. మాకు రిమోట్ సపోర్ట్ ఇచ్చే కంపెనీ ఒకటుంది, ఏడాదికి డబ్బు కడుతున్నాం. వాళ్లు మొదటిరోజు రీబూట్ చేయమన్నారు, చేశాం. రెండోరోజు సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయమన్నారు, అదీ చేశాం. ఫైర్‌వాల్ ఏమైనా అడ్డొస్తోందేమో చూడండన్నారు, ఎల్‌డీపీ వాడే 646 పోర్టు ఎక్కడా మూయలేదని చూపించాం. ఆ సాయంత్రం ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్‌ని పరికరానికి కలిపే చిన్న మాడ్యూల్) మార్చి చూడమని మెయిల్ వచ్చింది. లింకు మీద ఒక్క ఎర్రర్ లేదు మహాప్రభో, ఎస్‌ఎఫ్‌పీ ఎందుకు మార్చాలి?

మా కేబుల్ కుర్రాడు ఒకడు చెబితే ఈ షాపుకి వెళ్లాను. మెట్లెక్కగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఏమప్పా, ఏం పోతాంది, ఏం పోవడం లేదు?"

"గుంతకల్లు పోవట్లేదు సార్."

"ఇంటర్నెట్ పోతాందా?"

"పోతోంది సార్."

"లూప్‌బ్యాక్ పింగ్?"

"పోతోంది."

"బీజీపీ?"

"అదీ ఉంది సార్."

"అయితే గుంతకల్లు పోతానే ఉంది. నీ కస్టమర్ పోవడం లేదు. రెండూ ఒకటి కాదు కదప్పా. సరే, లూప్‌బ్యాక్‌ల లిస్టు తెచ్చినావా?"

తేలేదు. తెచ్చుకుని రమ్మన్నాడు. అంతే, ల్యాప్‌టాప్ తెరవనివ్వలేదు, కూర్చోమనలేదు (ఎక్కడ కూర్చుంటాం లెండి). మధ్యాహ్నం ఎండలో ఆఫీసుకి వెళ్లి, ప్రింటు తీసుకుని మళ్లీ వచ్చాను. ఒళ్లు మండిపోయింది, నిజం చెబుతున్నా.

రెండోసారి ఆయన ఒక తెల్లకాగితం మీద అనంతపురం, పామిడి, గుత్తి, గుంతకల్లు అని నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో గీతలు గీసి, ఒక్కో డబ్బా కింద లూప్‌బ్యాక్ అడ్రసు రాయించాడు. పామిడి డబ్బా కింద ఏం రాయాలో నాకు తెలియలేదు, అది ఉత్త స్విచ్ కాబట్టి. "దాన్ని ఖాళీగానే పెట్టు, దాని సంగతి తర్వాత" అన్నాడు. ఆ 'తర్వాత' వెనక ఏముందో నాకు రాత్రి ఒంటిగంటన్నరకు తెలిసింది.

నా ల్యాప్‌టాప్ నుంచే అనంతపురం రౌటర్‌లోకి వెళ్లి మామూలు పింగ్ కాకుండా పింగ్ ఎంపీఎల్ఎస్ కొట్టమన్నాడు. ఫెయిల్. నేను రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఇది కొట్టలేదు. మామూలు పింగ్‌కి లేబుల్ దారి తెగిపోయినా పట్టదు, మధ్య రౌటర్ ఐపీ అడ్రసు చూసి చక్కగా చేర్చేస్తుంది. లేబుల్ పింగ్‌లో గమ్యం అడ్రసు 127తో మొదలవుతుంది, కాబట్టి దారిలో చీటీ ఊడిపోతే ఏ రౌటరూ దాన్ని ఐపీ చూసి ముందుకు పంపలేదు, తప్పు అక్కడే బయటపడుతుంది. ఇది 2006 నుంచీ ఆర్‌ఎఫ్‌సీలో, అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో, ఉన్న సంగతే, ఆయన కనిపెట్టిందేం కాదు. కానీ ఏడాది కాంట్రాక్టు ఉన్నవాళ్లు అడగలేదు, ఈయన అడిగాడు.

తర్వాత గుత్తి రౌటర్‌లో షో ఎంపీఎల్ఎస్ ఫార్వర్డింగ్ టేబుల్, ఏ అడ్రసుకి పోయేదాని చీటీని ఏం చేయాలో చూపించే పట్టిక. వేలు స్క్రీన్ మీద పెట్టి వరసగా కిందికి దించుకుంటూ వచ్చాడు. అనంతపురం లూప్‌బ్యాక్ ఎదురుగా 'పాప్ లేబుల్'. తాడిపత్రి ఎదురుగా కూడా అదే. గుంతకల్లు 10.255.0.7 ఎదురుగా 'నో లేబుల్'. వేలు అక్కడ ఆగింది.

ఇక్కడ నా బుర్రతక్కువతనం ఒప్పుకోవాలి. ఆ టేబుల్ నేను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. రెండు మాటలకీ అర్థం ఒకటే, ఎలాగైనా చీటీ తీసేయడమే కదా అనుకున్నాను. కాదట. పాప్ అంటే పైచీటీ ఒక్కటే తీయడం. ఆఖరి రౌటరే పక్కవాడికి 'నాకిచ్చే ముందు పైది తీసేసి ఇవ్వు' అని 3వ నంబరు లేబుల్‌తో చెబుతుంది. కిందిచీటీ భద్రంగా ఉంటుంది. నో లేబుల్ అంటే ఆ అడ్రసుకి పక్క రౌటర్ అసలు చీటీయే ఇవ్వలేదని. అప్పుడు గుత్తి రౌటర్ దాన్ని ఉత్త ఐపీగా పంపాలని చూస్తుంది, కింద ఇంకో చీటీ ఉన్న ప్యాకెట్ గతి ఇక అంతే. ఒక్క చీటీవాళ్లకు, చీటీయే లేనివాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే ఊరంతా నెట్ ఉంది, బంగారం ఆఫీసుకి లేదు.

మరి గుంతకల్లు ఎందుకు చీటీ ఇవ్వలేదు? ఇచ్చింది, వేరే పేరు మీద. బైండింగ్స్ (ఏ అడ్రసుకి ఏ చీటీ ఇచ్చిందన్న జాబితా) చూస్తే 10.255.0.0 స్లాష్ 24 కి, అంటే 256 అడ్రసుల గుంపుకి, ఇచ్చింది, 10.255.0.7 స్లాష్ 32 కి, అంటే ఆ ఒక్క అడ్రసుకి, ఇవ్వలేదు. కొత్త రౌటర్ లూప్‌బ్యాక్‌లో మాస్క్ (ఆ గుంపు ఎంత పెద్దదో చెప్పే సంఖ్య) 255.255.255.0, అంటే స్లాష్ 24, అని ఉంది. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ లూప్‌బ్యాక్‌ని మాస్క్ ఏదున్నా స్లాష్ 32 గానే చాటుతుంది. ఎల్‌డీపీ మాత్రం తన రూటింగ్ టేబుల్‌లో ఉన్నది ఉన్నట్టు స్లాష్ 24 కి లేబుల్ ఇస్తుంది. గుత్తి రౌటర్‌కి రెండూ పొంతన కుదరలేదు. 

"ఈ మాస్క్ ఎవరు కొట్టినారప్పా?"

"నేనే సార్."

ఏమీ అనలేదు. మేనల్లుడిని పంపి టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

మాస్క్ మార్చడం అక్కడి నుంచే చేసేద్దాం అంటే ఒప్పుకోలేదు. లూప్‌బ్యాక్ మీద చెయ్యి పెడితే ఎల్‌డీపీ, బీజీపీ అన్నీ ఒకసారి పడి లేస్తాయి, లేవకపోతే నువ్వు అనంతపురంలో ఉంటావు, రౌటర్ గుంతకల్లులో ఉంటుంది, రౌటర్‌కి నేరుగా కన్సోల్ కేబుల్ పెట్టి చేద్దాం, అదీ రాత్రిపూట అన్నాడు. నా బైకు వద్దని మా కంపెనీ కారే తెమ్మన్నాడు. ఆయన, మేనల్లుడు, నేను ఎనిమిదిన్నరకు బయల్దేరి పదిన్నర దాటాక గుంతకల్లు స్టేషన్ దగ్గర మా గదికి చేరాం. మాస్క్ 255.255.255.255 చేశాం. నైబర్ పడింది, నా గుండె కూడా పడింది, కాసేపటికి రెండూ లేచాయి. గుత్తిలో చూస్తే పాప్ లేబుల్! వీపీఎన్‌లో పింగ్ కొట్టాను, ఐదుకి ఐదూ వచ్చాయి. గట్టిగా అరిచాను కూడా. మేనేజరుకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

"సైజెంత?" అన్నాడాయన కుర్చీలోంచి లేవకుండానే. 

ఆ రౌటర్‌లో పింగ్ ఊరికే కొడితే 100 బైట్లు. 1500 పెట్టి, ముక్కలు చేయొద్దని చెప్పి కొట్టమన్నాడు. ఐదు చుక్కలు. ఒక్కటీ రాలేదు. 1400 వచ్చింది. 1450 వచ్చింది. 1490 వచ్చింది. 1495 రాలేదు. 1492 వచ్చింది, 1493 రాలేదు. ఆయన కాగితం మీద 1500లోంచి 1492 తీసి 8 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. "ఎనిమిదంటే రెండు చీటీలు. దారిలో ఎవడో చీటీల బరువు మోయడం లేదప్పా."

అప్పుడే ఫోన్ చేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి. పొద్దున లాగిన్ పేజీ తెరుచుకునేది, పింగ్ వచ్చేది, రసీదు ప్రింటు కొట్టగానే అంతా గుండ్రంగా తిరుగుతూ నిలబడిపోయేది. మా నెట్ బాగుందని నేను, బాలేదని ఆయన, ఇంకో వారం అదే గోల.

మా రౌటర్లన్నింటిలో ఎంటీయూ, అంటే ఒక్కసారికి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు, 9000 పెట్టుకున్నాం. గుంతకల్లు నుంచి గుత్తికి 9000 సైజు పింగ్ ఠంచనుగా పోయింది. గుత్తి నుంచి అనంతపురానికి 1500 దాటి ఒక్క బైట్ కూడా పోలేదు. ఆ రెంటి మధ్యలో ఉన్నది ఒక్కటే, కాగితం మీద ఖాళీగా వదిలేసిన డబ్బా. 1500 బైట్ల ప్యాకెట్‌కి రెండు చీటీలు 8, ఈథర్‌నెట్ హెడర్ 14, చివర చెక్‌సమ్ 4, మొత్తం 1526. పెట్టెలోంచి తీసి అలాగే బిగించిన స్విచ్ 1518 దాటినదాన్ని కిక్కురుమనకుండా పారేస్తుంది. రౌటరైతే 'పెద్దదైంది' అని కనీసం ఒక కబురు పంపుతుంది. ఐపీ అడ్రసు చూడని లేయర్ 2 స్విచ్‌కి ఆ అలవాటు లేదు. ఇళ్లవాళ్లు ఎందుకు గొడవ చేయలేదంటే, వాళ్లది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్), అందులో ప్యాకెట్ ముందే 1492కి తగ్గిపోతుంది, ఒక చీటీ అంటించినా 1500 లోపే.

పామిడిలో మా స్విచ్ ఒక నైటీల షాపు వెనక గదిలో ఉంటుంది. (ఊళ్లో సగం షాపులు అవే.) షాపతన్ని ఒంటిగంటన్నరకు లేపితే లుంగీ సర్దుకుంటూ తాళంచెవి తెచ్చి, "దొంగలనుకున్నా స్వామీ" అన్నాడు. స్విచ్‌లో ఆ పోర్టు లెక్కలు చూస్తే జెయింట్స్ (సైజు మించి వచ్చినవి) అనే వరసలో నంబరు. అనంతపురం నుంచి పెద్ద పింగ్ కొడుతుంటే కళ్లముందే పెరుగుతోంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉన్నదాన్ని ఎవరమూ చూడలేదు. జంబో ఫ్రేములు, అంటే పెద్ద ప్యాకెట్లను పోనిచ్చే సెట్టింగ్, ఆన్ చేశాం. ఆ మోడల్‌లో రీలోడ్ అయితే గానీ అది అమల్లోకి రాదు, కాబట్టి పామిడి, గుత్తి దారి మొత్తం కొన్ని నిమిషాలు చీకటి. లేచాక 1500 కొట్టాం, వచ్చింది. పొద్దున ఆరింటికి అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బిల్లు ఆయనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇక ఐదో స్టారు సంగతి.

రెండు వారాల తర్వాత గుంతకల్లులో కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి, రౌటర్ ఆగి మళ్లీ లేచింది. మళ్లీ అదే ఫోన్, అదే మేనేజరు. చూస్తే మాస్క్ మళ్లీ 255.255.255.0. ఆ రాత్రి మాస్క్ మార్చారు, కాన్ఫిగ్ సేవ్ చేయలేదు! మేనల్లుడు మర్చిపోయాడని ఆయనంటాడు, మామయ్య చేస్తాడనుకున్నానని మేనల్లుడంటాడు. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ తోచలేదు, సరే. కానీ డబ్బు తీసుకుని చేసేవాళ్లు వెళ్లేముందు రెండు మాటలు టైపు చేయడం మర్చిపోవడం ఏమిటి? మళ్లీ వచ్చి సరిచేసి పైసా తీసుకోలేదు, అది వేరే సంగతి. ఆ రోజు నేను తిన్న తిట్లకు రీఫండ్ లేదు కదా.

డబ్బు విషయానికొస్తే, ఆ రాత్రి పనికి 4,000 తీసుకున్నాడు, కారు మాదే. రిమోట్ సపోర్ట్‌కి మేం కట్టేదాంతో పోలిస్తే ఇది టీ ఖర్చు. తర్వాత ఇంకో పని చేయించాం. కరెంటు పోయొచ్చినప్పుడల్లా ఓఎస్‌పీఎఫ్ ముందు లేచి ట్రాఫిక్‌ని పామిడి దారికి లాగేది, ఎల్‌డీపీ ఇంకా లేవకపోవడంతో వీపీఎన్‌లు కాసేపు మాయమయ్యేవి. లేబుళ్లు సిద్ధమయ్యేదాకా ఆ లింకుని చాలా ఖరీదైనదిగా చూపించి, తాడిపత్రి దారినే వాడుకునేలా ఎల్‌డీపీ ఐజీపీ సింక్ పెట్టాడు. ఐదు రౌటర్లకి 6,000. ఇది కొంచెం ఎక్కువే అనిపించింది, ఎందుకంటే ఒక్కోదాంట్లో కొట్టింది ఒకే లైను. బేరమాడితే "ఆ లైను నీకు తెలిసుంటే నువ్వే కొట్టేవాడివి కదప్పా" అన్నాడు. నోరు మూసుకుని ఇచ్చాను.

ఫోన్ ఎత్తడు. ఎత్తినా 'షాపుకి రా' అంటాడు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే చూడడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తాడు, జీఎస్టీ బిల్లు కావాలంటే ముందే చెప్పాలి, అదీ వారం పడుతుంది. గోడకున్న సెకండ్ హ్యాండ్ స్విచ్‌లు అమ్ముతాడు కూడా, వాటి జోలికి పోకండి. మేం ఒకటి కొన్నాం, ఫ్యాను చప్పుడుకి పక్కగదివాళ్లు గొడవ పెట్టారు, వారంటీ అంటే నవ్వాడు. మీ ముందే మీ స్టాఫ్‌ని 'నీకు జీతమెందుకిస్తారప్పా' అనే రకం, కాబట్టి కొత్తగా చేరిన పిల్లల్ని వెంట తీసుకెళ్లేముందు కాస్త ఆలోచించండి. అయితే మా కుర్రాడొకడు తిట్లు తిని కూడా ఆదివారాలు అక్కడికే పోతున్నాడు. ఆన్‌లో ఉంచే ఆ మూడు రౌటర్లలో ఆయన కావాలని ఏదో ఒకటి చెడగొట్టి పెడతాడట, వీడు కనిపెట్టాలట. దానికి డబ్బు తీసుకోడు.

పదకొండు తర్వాత వెళ్లండి, అంతకుముందు తీయడు. వెళ్లేటప్పుడు లూప్‌బ్యాక్‌ల లిస్టు మాస్క్‌లతో సహా, మధ్యలో ఉన్న ప్రతి స్విచ్ మోడల్, దాని ఎంటీయూ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. లేకపోతే మెట్ల దగ్గరి నుంచే వెనక్కి పంపిస్తాడు. నన్ను పంపాడు, మొన్న మా ఎండీగారిని కూడా పంపాడు.